ఉమ్మడి హక్కులు: గ్రామస్థుల కర్తవ్యము

మన సంఘ సభ్యులలో పలువురు తమ చేలకు పట్టా సంపాదించుకొనుటయందు చూపు శ్రద్ధను ఊరి వాగు, మడుగు, మేతబీడు, విప్పచెట్ల విషయమున చూపకున్నారు. చేను ఒక్కనిది గనుక దానికి కాగితము కావలెననియు, వాగు అందఱిది గనుక దానికి కాగిత మేల యనియు తలచుచున్నారు. ఈ తలంపు పొరపాటని మా యభిప్రాయము. అందఱి సొత్తునకు హద్దులును, హక్కుదారులును వ్రాతలో లేనిచో, కొంతకాలమునకు అది యెవరిదియు గాని సొత్తనబడి, తుదకు వ్రాత యెఱిగినవాని పాలగును.

జైనూరు ప్రాంతమువారికి ఈ మాట క్రొత్త గాదు. నిజాం ప్రభుత్వకాలమున అడవులకు సర్కారు హద్దులు ఏర్పడగా, తరతరములుగా పోడు చేసికొని బ్రదికిన గోండులును, కొలాములును తమ నేలపైనే అక్రమస్థులైరి. పట్టా పొందు మార్గ మెఱిగి వచ్చిన పైప్రాంతమువారు మంచి భూములను తమ పేర వ్రాయించుకొనిరి. జల్, జంగల్, జమీన్ కొఱకై తిరుగబడిన కొమరం భీము 1940లో జోడేఘాట్ కొండలలో ప్రాణము లర్పించెను. అటుపిమ్మట ప్రభుత్వము నియోగింపగా వచ్చిన హైమన్‌డార్ఫ్ పండితుడు మన జైనూరు మండలములోని మార్లవాయియందే నివసించి, గోండుల కష్టములను విచారించి సర్కారునకు తెలిపెను. ఆ కృషి ఫలితముగా వేలాది కుటుంబములకు భూమి పట్టాలు లభించినవి. అయినను ఒక్క సంగతి గమనింపుడు. భీము కోరినవి మూడు. నాడు ఇంటింటికి వ్రాతకెక్కినది జమీను మాత్రమే. జలమును, జంగలును నోటిమాటగానే నిలిచిపోయినవి.

ఉమ్మడి జలముపై హక్కును వ్రాయుట సాధ్యమా యని సందేహించువారికి ఫిజీ దీవులు నిదర్శనము. 1903 మొదలుకొని మద్రాసు రేవునుండి మన తెలుగువారు చెఱకుతోటల కూలికై పోయిన దేశ మది. అచ్చట ఊరి యెదుటి తీరజలము ఆ ఊరి వంశములవారి వేటపట్టుగా నెంచబడును. దానిని వారు గోలిగోలి యందురు. వంశపెద్ద మరణించినచో నూఱు రాత్రులు ఆ జలమున వల వేయకుండుట పూర్వాచారము. దుఃఖముచే ఏర్పడిన నియమమైనను, అది చేపలకు పెరుగు గడువు నొసగుచున్నది. 1874లో ఆ దీవులు ఆంగ్లేయుల యేలుబడిలోనికి పోగా సముద్రతలము సర్కారుదయ్యెను. కాని వేటహక్కు వంశములదేయని శాసన మంగీకరించెను. విచారణ జరిపి, హద్దులు గుర్తించి, 400కు పైగా వేటపట్టులను దస్త్రముల కెక్కించిరి. వ్యాపారమునకై అచ్చట చేపలు పట్టగోరువానికి అనుమతి నిచ్చుటకు ముందు అధికారి ఆ వంశములవారిని సంప్రదింపవలెను. సముద్రతలమునుగూడ వారికి మరల నొసగుటకై 2006లో వచ్చిన బిల్లు, ఆ యేటనే సైన్యము ప్రభుత్వమును కూలద్రోయుటతో ఆగిపోయెను. బిల్లు పోయినను, దస్త్రములోనున్న వేటహక్కు పోలేదు.

అంత దూరము పోనేల? ఆంధ్ర, తమిళ సీమల నడుమనున్న పులికాట్ సరస్సున జాలరులలో పాడు అను కట్టుబాటు గలదు. రొయ్యలు మిక్కిలిగా దొరకు చోట్లను వారు చీట్లు వేసి, వంతులవారీగా పంచుకొందురు. మంచిచోటు ఎల్లప్పుడు ఒక్కనికే దక్కదు, తగవులును తగ్గును. అయితే ఈ వంతులలో చేరుటకు కులమే అర్హత యగుటచే, ఆ సరస్సునే నమ్ముకొన్న ఇతర పేదలు మంచిచోట్లకు దూరమైరి. ఆచారము గౌరవింపదగినదే. కాని హక్కును వ్రాయునప్పుడు ఎవరిని మఱచితిమో చూచుకొనుట అంతకంటె ముఖ్యము.

ఇక మన సంగతి. 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామముల ఉమ్మడి హక్కులను చెప్పుచు, జలాశయములలోని చేపలను, ఇతర ఉత్పత్తులను, పశువుల మేతను స్పష్టముగా పేర్కొన్నది. ఊరి అడవిని కాపాడి, పెంచి, నిర్వహించు హక్కునుగూడ ఒసగినది. ఒక్కొక్కని సాగుభూమికి ఏ ఫారము, ఊరుమ్మడి హక్కులకు బి ఫారము, ఊరి అడవికి 2012 సవరణచే చేర్చబడిన సి ఫారము గలవు. మనవారు తఱచుగా అడుగునది ఏ ఫారమే. తక్కిన రెండింటిని చేతబట్టి చూచినవా రెందఱు?

ఈ పనిని మొదలిడు అధికారము గ్రామసభదే. దరఖాస్తుదారులు గాని వృద్ధులు చెప్పిన మాటలను వ్రాసికొన్నచో అవి సాక్ష్యముగా చెల్లును. పాతబావులు, శ్మశానములు, దేవతాస్థలములును సాక్ష్యములే. ఒకటి చాలదు, ఒకటికంటె నెక్కువ చూపవలెను. మన ఊళ్ళలో వీటికి కొఱతలేదు, కొఱతయైనది కాలమే. ఏ గుట్టవఱకు పశువులు మేయునో, ఏ మడుగు ఏ ఊరివారిదో యెఱిగిన వృద్ధులు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారితో బాటు హద్దులును పోవుచున్నవి.

ఊరివారి చేతికిచ్చిన అడవి మిగులదని కొంద ఱందురు. చట్టము హక్కుతో బాటు వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడు భారమునుగూడ గ్రామసభపైననే యుంచినది. అంతేగాక, తనదిగాని దానికి రాత్రింబవళ్ళు కాపలా యుండువా డెవడు? తమదని తెలిసినపుడే కొమ్మ నఱుకువానిని ఊరివారు నిలదీయగలరు.

కావున మన సభ్యులకు మా మనవి యిది. రాబోవు గ్రామసభకు ముందుగానే పటేలును, దేవారిని, వృద్ధులను వెంటబెట్టుకొని ఊరి హద్దు చుట్టి రండు. విప్పపువ్వు, ఆకులు, కట్టెలు తెచ్చు స్త్రీలను తప్పక పిలువుడు; అడవిదారులు వారికే బాగుగ తెలియును. ఊరి చివర కొలాముల గూడెమున్నను, నాలుగిండ్ల తోటివారున్నను వారి వాడుకను గూడ వ్రాయుడు. తీర్మానముపై సంతకములు, వ్రేలిముద్రలు తీసికొని, దరఖాస్తు నొసగి రసీదు పొందుడు. చదువు వచ్చిన సభ్యులు ఫారములు నింపుటలో తోటివారికి సాయపడుట సహకారసంఘపు పనియే. చేని పట్టాను పెట్టెలో భద్రపఱచుకొన్న మనము, ఊరి పట్టా మాటను ఈ వానకాలము ముగియకముందే తలపెట్టుదము.