డిఫరెన్షియల్ పని: ఏది మన చేతిది, ఏది మేస్త్రీ చేతిది?



దమ్ముల ముందు ప్రతి ఏడూ ఊళ్లో ఇదే మాట. "బండి వెనకాల మోత వస్తోంది, విప్పి చూసేద్దామా?" ఫోన్లో నాలుగు వీడియోలు చూసినోళ్లు "ఏముంది బాబాయ్, బోల్టులేగా" అంటారు. ఇంకొందరు గేరాయిలు మార్చడానికి కూడా బండిని షెడ్డుకి తోలేసి రెండు రోజులు అక్కడే వదిలేస్తారు. ఇద్దరూ డబ్బు పోగొట్టుకునేవాళ్లే అని నా అభిప్రాయం. మొదటాయన ఒక్కసారే పెద్దగా పోగొట్టుకుంటాడు, రెండో ఆయన ఏటా కొంచెం కొంచెం.

నేను పెట్టుకున్న లెక్క ఇది. కంటితో, చెవితో, చేత్తో తేలే పని మనది. గేజు పెట్టి కొలిస్తే తప్ప తేలని పని మేస్త్రీది. ధైర్యానికీ తెలివికీ దీంతో సంబంధం లేదు.

ఎందుకంటున్నానో చెప్తా. కళ్లంలో బంతి తిప్పిన పెద్దోళ్లకి డిఫరెన్షియల్ గురించి వేరే చెప్పక్కర్లేదు. గుంజ దగ్గరి ఎద్దు నింపాదిగా తిరుగుతుంది, బయటి ఎద్దు గబగబా నడవాలి. రెండూ ఒకే లెక్కన అడుగెయ్యాలంటే బంతి తిరగదు. ట్రాక్టరు మళ్లినా అంతే. వెనక చక్రాల మధ్య 5 అడుగుల దూరం ఉంటే, ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రం కన్నా సుమారు 31 అడుగులు ఎక్కువ పోవాలి. ఆ తేడాని సర్దేవి లోపలున్న చిన్న స్టార్ గేర్లు. వాటిని మోసేది క్రౌను చక్రం, క్రౌనుని తిప్పేది పినియను. వెనక చక్రాలకి పోయే బలమంతా క్రౌను, పినియను పళ్ల మధ్య నుంచే పోతుంది. బురదలో దమ్ము చక్రాలేసి లాగినా, చెరుకు లోడు లాగినా ఆ బరువు పడేది ఆ నాలుగు పళ్ల మీదే.

ఇక మన చేతిలో ఉన్న పనులు చూద్దాం.

మొదటిది ఆయిలు. బండిని చదునైన చోట పెట్టి, లిఫ్టు చేతులు దించి, చల్లారాక మట్టం చూడాలి. ఆయిలు పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. దమ్ములో తిరిగే బళ్లకి ఇది మామూలే, అయినా అలాగే నడిపితే బేరింగులు తుప్పు పడతాయి. డ్రెయిన్ ప్లగ్ విప్పినప్పుడు దానికి సన్నటి మెత్తటి ఇనప ముద్ద అంటుకుంటే కంగారు లేదు, అది అరుగుదల. గోటికి తగిలే పలుకులు, పళ్ల ముక్కలు కనిపిస్తే మాత్రం బండి ఆపేయాల్సిందే. ఆయిల్లో మునిగే బ్రేకులున్న బండికి మాన్యువల్లో రాసిన గ్రేడే పొయ్యాలి. చౌకగా వచ్చిందని ఏదో గేరాయిలు పోస్తే బ్రేకులు కీచుమంటాయి, ప్లేట్లు పాడవుతాయి. తీసిన పాత ఆయిలు కాలవలో పొయ్యకండి, మళ్లీ ఆ నీళ్లే మన మళ్లలోకి వస్తాయి.

రెండోది బ్రీదర్. హౌసింగ్ మీద ఉండే ఈ చిన్న మూతని ఎవరూ పట్టించుకోరు. బురదతో అది మూసుకుపోతే, బండి వేడెక్కినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి ఆయిలు సీళ్లలోంచి బయటికి తన్నుతుంది. అదే వేడి బండి నీళ్లలో దిగి చల్లబడితే లోపలికి నీళ్లు లాక్కుంటుంది. ఏటా సీళ్లు మారుస్తున్నా కారుతూనే ఉందనేవాళ్లు ముందు బ్రీదర్ కడిగి చూడండి. అయిదు నిమిషాల పని.

మూడోది చెవి. మళ్లినప్పుడు మాత్రమే మోత వస్తే స్టార్ గేర్ల మీద అనుమానం. తిన్నగా, బరువు మీద పోతున్నప్పుడు ఊళ పెడితే క్రౌను, పినియను. వేగంతో పాటు పెరిగే ఒకే రకం గుర్రుమనే శబ్దం బేరింగులది. బండి కదిలేటప్పుడు "టక్" మంటే ఎక్కడో లూజు పెరిగింది. ఇది చూసి మనం విప్పేద్దామని కాదు. మేస్త్రీ దగ్గరికెళ్లి "ఏదో మోత వస్తోంది" అనేవాడికి, "మలుపులో మాత్రమే వస్తోంది, నెలరోజులైంది, ఆయిల్లో పలుకులు లేవు" అనేవాడికి బిల్లులోనే తేడా తెలుస్తుంది.

నాలుగోది డిఫరెన్షియల్ లాకు. ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతుండగా లాకు తొక్కితే లోపల పళ్లు విరుగుతాయి. క్లచ్చి తొక్కి, చక్రం ఆగాక వెయ్యాలి. గట్టి నేల మీదా, మలుపులోనూ వెయ్యకూడదు. మోజు మీద బండెక్కే కుర్రాళ్లకి ఈ ఒక్క మాట చెప్పండి చాలు.

ఇంతవరకూ మనదే. హౌసింగ్ విప్పాక కథ వేరు.

క్రౌనుకీ పినియనుకీ పళ్ల మధ్య ఉండాల్సిన సందు చాలా బళ్లలో 0.2 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. అంటే రెండు మూడు తలవెంట్రుకల మందం. ఇది చేత్తో ఊపి చూస్తే తెలిసే లెక్క కాదు. డయల్ గేజు కావాలి. పల్చటి షిమ్ములు వేసీ తీసీ సరిచెయ్యాలి. పినియను బేరింగుల బిగువు వేరే చూడాలి. పళ్లకి నీలం రంగు పూసి తిప్పి, అచ్చు పన్ను మధ్యలో పడుతోందా, అంచున పడుతోందా చూడాలి. అంచున పడితే కొత్త సామానైనా ఊళ పెడుతుంది, ఒక పంట దాటకుండానే పళ్లు రాలిపోతాయి. "మేస్త్రీకిస్తే కూలి దండగ" అనేవాళ్లకి నా జవాబు ఇదే. మిగిలేది కూలి, పోయేది క్రౌను పినియను సెట్టు. ఆ తర్వాత ఆ కూలీ ఎలాగూ ఇవ్వాల్సిందే.

డబ్బు కన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. లారీకి కింద చాసిస్ ఉంటుంది. మన ట్రాక్టర్లలో చాలావాటికి ఉండదు. ఇంజను, గేరుబాక్సు, వెనక హౌసింగ్ ఒకదానికొకటి బిగిస్తేనే బండి. పినియను తియ్యాలంటే చాలా మోడళ్లలో దాన్ని రెండుగా విడదియ్యాలి. బండి బరువు దాదాపు రెండు టన్నులు. పైగా ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంది. రెండు పక్కలా చెక్కలు దిగ్గొట్టకపోతే, విడదీసిన క్షణంలో ఇంజను సగం పక్కకి ఒరుగుతుంది. ఇటుకలూ కొబ్బరి మొద్దులూ పెట్టి, జాకీని నమ్ముకుని కిందకి దూరడం సాహసం కాదు. ఇంట్లో వాళ్లని ఒక్కసారి తలుచుకోండి.

అయితే బోర్డు మీద స్పెషలిస్టు అని రాసుకున్నోడల్లా స్పెషలిస్టు కాదు. షోరూమైనా, రోడ్డు పక్క షెడ్డయినా ఈ నాలుగూ అడగండి:

"మేస్త్రీ, డయల్ గేజు ఉందా?" 

"క్రౌను, పినియను రెండూ జతగా మారుస్తావా?" రెండూ కలిపి నూరి, జత కట్టి అమ్ముతారు. జత నెంబరు రెండింటి మీదా కలవాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తానంటే బండి వెనక్కి తెచ్చేసుకోండి.

"షిమ్ములు కొలిచి వేస్తావా, పాతవే వేస్తావా?"

"మూత పెట్టే ముందు రంగు అచ్చు చూపిస్తావా?" ఫోన్లో ఫొటో తీసుకోండి. పాత సామాను కూడా అడిగి ఇంటికి తెచ్చుకోండి.

తెలిసిన మేస్త్రీ ఈ ప్రశ్నలకి కోపం తెచ్చుకోడు, సంతోషిస్తాడు. విసుక్కునేవాడికి ఆ గేజు లేదని అర్థం. పని జరిగేటప్పుడు వీలైతే పక్కనే ఉండండి, అనుమానంతో కాదు, నేర్చుకోడానికి. వారంటీలో ఉన్న బండి హౌసింగ్ మాత్రం మనమూ, బయటి మేస్త్రీ కూడా ముట్టుకోకూడదు.

ఆఖరిగా, ఈ పనికి ముహూర్తం రోహిణి ఎండలు. అప్పుడు బండి పదిరోజులు షెడ్డులో ఉన్నా మనకి నష్టం లేదు, మేస్త్రీకీ తీరిక ఉంటుంది. చినుకు పడి నారు ముదురుతుంటే మాత్రం మనకీ తొందరే, మేస్త్రీకీ తొందరే. తొందరలో ఎవరూ గేజు తియ్యరు.

మీ మండలంలో గేజు పెట్టి, అచ్చు చూపించి పనిచేసే మేస్త్రీ ఉంటే ఊరి పేరు కింద రాయండి. పక్క ఊరి రైతుకి ఒక పంట మిగులుతుంది.