అణు ఓడల జమాఖర్చు

క్రిందటి నెల సంఘం హాలులో సమావేశం ముగిసి అందరం కాఫీ పుచ్చుకుంటూ ఉండగా పిల్లకాయల మధ్య ఒక వాదం బయలుదేరింది. మన దేశానికి రెండు విమానవాహక నౌకలున్నా ఒక్కటైనా అణుశక్తితో నడిచేది లేదేమని ఒకడు. అది లేనిది గొప్ప నౌకాదళమే కాదని మరొకడు. పెద్దాయన ఒకరు మా వైపు తిరిగి, "ఏమయ్యా, రోజూ పద్దులు రాసేవాడివి. ఎవరిది ఎంతో పక్కపక్కన వేసి చూపరాదా?" అన్నారు. కనుక ఈ నెల మా పుట ఓడలకే.

ముందు ఒక సంగతి. అణు ఓడ కూడా ఆవిరి ఓడే. రియాక్టరులో పుట్టిన వేడితో నీరు ఆవిరి అవుతుంది; ఆ ఆవిరి టర్బైనులను తిప్పుతుంది. చమురు కాల్చే పని లేదు గనుక పొగగొట్టం ఉండదు. ఓడ నడవడానికి చమురు మోయనక్కరలేదు గనుక ఆ చోటు విమానాల పెట్రోలుకూ, బాంబులకూ దక్కుతుంది. అయినా ఆ పెట్రోలూ, వేలమందికి తిండీ మాత్రం మరో ఓడ తెచ్చి అందించవలసిందే.

ఇటువంటి ఓడలున్నవి ప్రపంచంలో రెండే దేశాలకు. మొదటిది అమెరికా. వారి ఎంటర్‌ప్రైజ్ 1961 నవంబరులో కొలువులో చేరింది. దానిలో ఎనిమిది రియాక్టర్లు. 1964లో మరి రెండు అణు ఓడలను వెంటబెట్టుకొని, దారిలో ఇంధనం పట్టకుండా 65 రోజులలో భూగోళం చుట్టివచ్చింది. 1975లో మొదలైన నిమిట్జ్ తరగతి ఓడలు పది. ఒక్కొక్కటి సుమారు లక్ష టన్నులు, 333 మీటర్ల పొడవు; రెండే రియాక్టర్లు. యాభై ఏళ్ళ ఆయుర్దాయంలో ఇంధనం మార్చేది నడిమధ్యన ఒక్కమారే. 2017లో చేరిన జెరాల్డ్ ఫోర్డుకు విమానాలను విసిరే యంత్రం ఆవిరిది కాదు, విద్యుత్తుది. ఖరీదు సుమారు 1,300 కోట్ల డాలర్లు. మన లెక్కలో లక్ష కోట్ల రూపాయల పైమాటే!

2007 జూలైలో నిమిట్జ్ మన చెన్నైకి వచ్చినప్పుడు మేము ఉద్యోగానికి కొత్త. ఆఫీసు వదలగానే మెరీనాకు పరుగెత్తాం. ఓడ రేవులోకి రాక దూరాన లంగరు వేసి ఉంది; మాకు కనిపించింది బూడిదరంగు చార ఒకటి. అణుధార్మికత సోకుతుందేమోనని ఊళ్ళో అప్పుడు పెద్ద అలజడి.

రెండవది ఫ్రాన్సు. వారి షార్ల్ ద గోల్ 2001లో చేరింది. 42,000 టన్నులు, 261 మీటర్లు. దానికి జలాంతర్గామి కోసం చేసిన రకం రియాక్టర్లే రెండు అమర్చారు. కట్టిన తరువాత పరుగుబాట చాలదని తేలి నాలుగు మీటర్ల పైచిలుకు పొడిగించారు. యానాం పాఠకులకు ఒక ముచ్చట: దాని మీద ఎగిరే రఫేల్ విమానాల రకమే 26 కొనడానికి 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ఆ ఓడలో వాడేది తక్కువ శుద్ధి చేసిన యురేనియం. అందుచేత ఇంధనం తరచుగా మార్చాలి. 2017-18లో ఓడ మరమ్మతుకు పోతే, ఏడాదిన్నర పాటు ఫ్రాన్సుకు సముద్రం మీద విమానవాహకమే లేదు.

సోవియట్ రష్యా కూడా 1988లో ఉల్యానోవ్‌స్క్ అనే అణు ఓడ మొదలుపెట్టింది. దేశమే విడిపోయింది, సగం కూడా పూర్తికాని ఓడను 1992లో తుక్కుకు కోయసాగారు. బ్రిటను కట్టిన 65,000 టన్నుల ఓడలు రెండూ గ్యాసు టర్బైన్లతో, డీజిలుతో నడిచేవే. 2022లో కొచ్చిలో పూర్తయిన మన విక్రాంత్‌దీ గ్యాసు టర్బైన్లే. ఖర్చు సుమారు 20,000 కోట్ల రూపాయలు. ముందు భాగం పైకి వంచిన బాట మీదుగా విమానాలు లేస్తాయి. విసిరే యంత్రం లేనందున, దూరం నుండే శత్రువును పసిగట్టే బరువైన విమానాలు దానిమీద లేవలేవు. ఇది లోటే, దాచి లాభం లేదు.

అయితే, పాత విక్రాంత్ కూడా ఎంటర్‌ప్రైజ్ చేరిన 1961లోనే చేరింది. 1971 యుద్ధంలో దాని బాయిలర్లలో ఒకటి పగులువారి ఉంది; వేగం బాగా పడిపోయింది. ఆ కుంటి కాలితోనే పోయి, డిసెంబరు 4 నుండి కాక్స్ బజారు, చిట్టగాంగుల మీద దాని విమానాలు దాడి చేశాయి. ఎనిమిది రియాక్టర్ల ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చేసరికి పని ముగిసే దశకు వచ్చింది. డిసెంబరు 16న ఢాకాలో సంతకాలయ్యాయి.

ఇక మా పద్దు. ఫోర్డు వంటిది ఒక్కదాని ఖర్చుతో విక్రాంత్ వంటివి అయిదు కట్టవచ్చు. ఒక్కటే ఉంటే ఏమవుతుందో ఫ్రాన్సు చూపింది. ఒకటి మరమ్మతులో ఉంటే మరొకటి నీటిలో ఉండాలి. అందుకు మూడవది కావాలి. అణుశక్తి మాట ఆ తరువాత.

ఇది విని వాదం తెచ్చిన కుర్రవాడు, "అయితే మనం ఎప్పటికీ అణు ఓడ కట్టనే కూడదా, అంకుల్?" అన్నాడు. పెద్దాయనే బదులు చెప్పారు: "కట్టు నాయనా. ముందు ఇంజనీరువై రా."