మందు కలిసిన నీళ్లు

"ముందు పరిశ్రమలు రానీయండి, నీళ్ల సంగతి తర్వాత చూద్దాం" అనే వాదం మన కళాశాలల్లో గూడా వినిపిస్తున్నది. అనేవాళ్లు మన శత్రువులు కారు. ఉద్యోగం లేని విద్యార్థుల గోడు ఎరిగినవాళ్లే. అయినా యీ వాదం తప్పు.

పటాన్‌చెరు చూడండి. అక్కడ సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగు ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేది. ఆ కేంద్రం 'శుద్ధి' చేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మాత్ర మింగిన రోగి నెత్తుటిలో గూడా అంత మందు వుండదు. ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర దారి పట్టాయి.

"అవి మన తుంగభద్రకు రావు గదా!" రావు. కాని ఆ నీళ్లలో చావక మిగిలిన క్రిమికి నదితో పని లేదు. మనిషి కడుపులో కూర్చుని బస్సెక్కి వస్తుంది. తన మొండితనాన్ని పక్క క్రిములకు గూడా పంచిపెడుతుంది. అప్పుడు కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు రాసిన మందు బిడ్డ జ్వరానికి పనిచేయదు.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ యీ మురుగులో యాంటీబయోటిక్కులకు పరిమితులు పెడుతూ ముసాయిదా ప్రకటించింది. 2021 ఆగస్టులో తుది నియమాలు వచ్చాయి. పరిమితులు మాత్రం మాయమైనాయి. లాభం ఎవరిదో వేరే చెప్పాలా?

చౌక మందు పేదవాడి కోసమేనట! 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సోవియట్ సహాయంతో హైదరాబాదులో మందులు చేసింది; చౌకదనం ప్రైవేటు పెట్టుబడి కనిపెట్టిన విద్య కాదు. శుద్ధి ఖర్చు మాత్ర ధరలో కనబడకపోతే, దాన్ని నక్కవాగు పక్క రైతు తన బావితో చెల్లించాడన్నమాట.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఓర్వకల్లు, కొప్పర్తిలకు పారిశ్రామిక కేంద్రాలు మంజూరు చేసింది. అక్కడికి ఏ ఫ్యాక్టరీ వచ్చినా సరే, హంద్రీ, బుగ్గవంక ఏడాదిలో ఎన్ని నెలలు పారుతాయో మనకు తెలుసు. పెద్ద నదిలో కలిస్తే పలుచబడుతుందని నమ్మించవచ్చు. ఎండిన వంకలో మురుగే ఏరు. అది ఇంకేది మన బోర్లలోకే. (మన కరువు కథలు రాని వానను గురించి ఎంతో రాశాయి. వున్న నీళ్లను చెరిపేవాళ్లను గురించి రాసింది తక్కువ.)

ప్రజాభిప్రాయ సేకరణ నాడు విద్యార్థులూ, ఉపాధ్యాయులూ అడగవలసింది ఇదే: మురుగులో ఏ మందు ఎంతకు మించరాదు? కొలిచేదెవరు? ఆ లెక్కను నెలనెలా తెలుగులో పంచాయతీ గోడమీద అంటిస్తారా, అంటించరా?