ఎఫ్రాయిము తల్లి ఎవరు?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఒక చిన్న సినగాగ్ ఉంది. అక్కడి 'బెనె ఎఫ్రాయిం', అంటే ఎఫ్రాయిము పిల్లలు, మాదిగ కుటుంబాలవాళ్లు. ఒకప్పుడు క్రైస్తవులు. 1980ల చివరి నుంచి యూదులుగా బతుకుతున్నారు. వాళ్ల ప్రస్తావన రాగానే మొదటి ప్రశ్న ఒకటే: "అసలు వీళ్లు నిజం యూదులేనా?"

మా ఇబ్రహీంపట్నంలోనైనా ఇంకో ఊళ్లోనైనా ఇల్లు అద్దెకు అడిగితే "మీరేమిటోళ్లు?" అంటారు చూడండి, ఇదీ ఆ ప్రశ్నే. కాస్త చదువుకుని వచ్చింది, అంతే.

యూదులు తోరాను 54 భాగాలు చేసుకుని, వారం వారం చదువుతూ ఏడాదిలో ముగిస్తారు. ఒక్కో భాగం ఒక పరాషా. నచ్చిన వాక్యం ఏరుకోవడం కుదరదు, వరసలో ఏది వస్తే అది చదవాల్సిందే. ఆ వరసలో 'మికేట్స్' వస్తుంది. యోసేపు ఐగుప్తులో ఓను యాజకుడి కూతురు ఆసెనతును పెళ్లాడతాడు. ఎఫ్రాయిము ఆమె కొడుకే. తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదుడనే రబ్బీల లెక్క ప్రకారం ఎఫ్రాయిమే నిలబడడు! ఆసెనతు యాకోబు మనవరాలేనని తర్వాతివాళ్లు కథ అల్లారు. అల్లాల్సి వచ్చిందంటేనే ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తోంది.

రెండు వారాలకు 'వయెహీ'. ముసలి యాకోబు ఆ మనవలిద్దర్నీ తన కొడుకుల్లో కలుపుకుంటాడు. కుడిచెయ్యి చిన్నవాడు ఎఫ్రాయిము తలమీద పెడతాడు. యోసేపు అడ్డుచెప్పినా తియ్యడు. నేటికీ శుక్రవారం రాత్రి యూదు తండ్రులు కొడుకుల్ని దీవించేది ఎఫ్రాయిము, మనష్షేల పేర్లు చెప్పే.

"ఇజ్రాయెల్ పోవడానికే ఈ వేషం" అంటారు కొందరు. ఉన్నవాడు మతం మారితే అన్వేషణ, లేనివాడు మారితే ఆశ!

కొత్తరెడ్డిపాలెం వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. తప్పిపోయిన పది గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి మేమేనంటూ వాళ్లూ రక్తం లెక్కే చెబుతారు. అడిగేవాడి తక్కెడలో కూచుంటే తూకం వాడిదే అవుతుంది. వారం వారం ఆ పుస్తకం తెరిచి కూచోవడం చాలదూ?

మా ఊరు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా పేరున వెలసిందంటారు. ఇబ్రహీం అంటే అబ్రాహామే. 'లెఖ్ లెఖా' పరాషాలో ఆయనకు అందిన మొదటి ఆజ్ఞ, తండ్రి ఇల్లు విడిచి పొమ్మని. ఆ తండ్రి తెరహు యూదుడు కాడు. ధ్రువపత్రం తెమ్మంటే అబ్రాహామూ తేలేడు.