పాత బండికి పుట్టునాటి నంబరే పేరు

మా ఇంటి అటకమీద గోనెపట్టాలో చుట్టి దాచిన రేకు పలక ఒకటి ఉన్నది. నల్లని పలకమీద తెల్లని అక్షరాలు. బోధనులో దుకాణాల బోర్డులు రాసే పెయింటరొకరు 1966లో కుంచెతో రాసిన నంబరది. మా నాయన కొన్న ఫియట్ 1100 డిలైట్ కారుకు నిజామాబాదులో దొరికిన తొలి నంబరు అదే. మొదటి అక్షరం ‘ఏ’, అంటే ఆంధ్రప్రదేశ్. నాయన కొలువు ముగిసి 1991లో మేము ధర్మాబాదు దగ్గరి సొంత ఊరికి తిరిగి వచ్చినప్పుడు, కారు నాందేడు లెక్కలోకి మారి ‘ఎంహెచ్ 26’ అయింది. నాయన కొత్త పలక బిగించుకున్నాడు కాని, పాతదానిని పారవేయలేదు. “ఉండనీరా, దాని పేరది” అన్నాడు.

ఇటీవల ఆ కారును బాగుచేయించి, పాతకాలపు వాహనంగా నమోదు చేయించుదామని పూనుకున్నాను. అప్పుడు ఎదురైన ప్రశ్న ఒక్క కారుదే కాదని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మన సరిహద్దు ఊళ్ళలో ఎన్నో ఇళ్ళ కొట్టాలలో ఇటువంటి కార్లు, జీపులు, మోటారు సైకిళ్ళు నేటికీ ఉన్నాయి.

ముందు నియమాల సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి, పాతకాలపు బండ్లకు ప్రత్యేక నమోదు విధానాన్ని తెచ్చింది. తొలి నమోదు నాటినుండి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న రెండు చక్రాల, నాలుగు చక్రాల సొంత వాహనాలకు ఇది వర్తిస్తుంది. కొత్తగా నమోదు చేయించే బండికి రాష్ట్రపు రెండక్షరాలు, ఆపైన ‘వీఏ’, ఆపైన రెండక్షరాల వరుస, చివర నాలుగంకెలు ఇస్తారు. దీనికి రుసుము 20,000 రూపాయలు; పదేళ్ళు చెల్లుతుంది. మళ్ళీ నమోదుకు 5,000 రూపాయలు. ఈ బండిని కిరాయికి తిప్పరాదు, రోజువారీ పనులకు వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించడానికి, మరమ్మతుకు నడుపుకోవచ్చు.

ఇందులో మనకు పనికివచ్చే మంచి మాట ఒకటున్నది: ఇప్పటికే నమోదై ఉన్న బండి తన అసలు నంబరును నిలుపుకోవచ్చును. పాత బండి విలువ దాని ఇంజనులోనే కాక దాని గుర్తులోనూ ఉన్నదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు ఈ మాటకు అర్థం.

అయితే అసలు నంబరు అంటే ఏది? మా కారుకు 25 ఏళ్ళు ఒక నంబరు, తరువాతి కాలమంతా మరొక నంబరు. నేను విచారించిన కార్యాలయంలో ఒక ఉద్యోగి, “బుక్కులో ఇప్పుడున్నదే నంబరు, పాతదంతా పోయినట్టే” అని తేల్చేశాడు. ఆయన తప్పు పెద్దగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకొనవలసిందే. పన్ను లెక్కలకు అది అవసరం. కాని నిత్యం తిరిగే బండికి రాసిన ఆ నియమాన్ని, ఏడాదికి రెండుమూడుసార్లు ప్రదర్శనకు మాత్రమే కదిలే ముసలి బండికి కూడ అదే తీరున వర్తింపజేయడం ఏమి న్యాయం?

నాగపూరులోనో పుణెలోనో ఉన్నవారికి ఈ చిక్కు అరుదు. మనకు ఇది ఇంటింటి కథ. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని పంచినప్పుడు నాందేడు జిల్లాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళు, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు, ఇస్లాపూర్ సర్కిలు బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాయి. 1960 మే 1న అది మహారాష్ట్ర అయింది. మనుషులు కదలలేదు, గడపలు కదలలేదు, గీత కదిలింది. కిన్వట్‌లో ఒక ఇంటి ముందు 1955లో నిలిచిన జీపు ఆదిలాబాదు జిల్లాది. అదే చెట్టు కింద, అదే జీపు, రెండేళ్ళకు నాందేడు జిల్లాది.

గీతకు అవతల ఉన్న మన చుట్టాల సంగతీ చూడండి. బిచ్కుంద 1956 వరకు నాందేడు జిల్లా. తరువాత నిజామాబాదు జిల్లా. నేడు కామారెడ్డి జిల్లా. అక్కడి బండ్ల గుర్తు మొదట ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాలు, 1989 తరువాత ‘ఏపీ 25’, 2014 తరువాత ‘టీఎస్’, 2024 మార్చి నుండి ‘టీజీ’. కాని గమనించవలసిన సంగతి ఏమంటే, ‘టీజీ’ వచ్చింది కొత్త బండ్లకే. ‘ఏపీ’, ‘టీఎస్’ పలకలున్న పాత బండ్లు హైదరాబాదు వీథుల్లో ఈనాటికీ తిరుగుతున్నాయి. రాష్ట్రం పేరు మారినా బండి పేరు నిలిచింది. ఆకాశమేమీ విరిగిపడలేదు.

ఇతర దేశాల వారు ఈ విషయంలో చాలా దూరం నడిచారు. బ్రిటనులో నమోదు జాబితా నుండి తప్పిపోయిన పాత కారుకు దాని తొలి నంబరును, తగిన పత్రాలు చూపి, తిరిగి పొందే పద్ధతి ఉన్నది. 1980 జనవరి 1కి ముందు తయారై, చారిత్రక వాహనాల పన్ను తరగతిలో నమోదైన బండ్లు పాత తరహా నల్ల పలకనే పెట్టుకోవచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా మొదలైన రాష్ట్రాలలో, బండి తయారైన ఏడాదికి చెందిన అసలు పలకనే సంపాదించి, దానిని ఆ బండికి నమోదు చేయించుకొనే ఏర్పాటు ఉన్నది.

ఇక మన భాషాభిమానులకు ఒక మాట. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. నా ప్రయత్నం విని ఒక మిత్రుడు, “పలకమీద అంకెలు తెలుగులోనే రాయించు. ఇక్కడ మరాఠీ అంకెలు రాసుకొని తిరగడం లేదా?” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పలకమీద ఇంగ్లీషు అక్షరాలు, అంతర్జాతీయ అంకెలే ఉండాలని కేంద్ర నియమం. మరాఠీ అంకెలకూ అది మినహాయింపు ఇవ్వదు. ప్రమాదం చేసి పారిపోయే బండిని ఏ రాష్ట్రపు మనిషైనా చదివి చెప్పగలగాలి గదా. అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి: 1966లో మా నాయన పలకమీద తెలుగు అంకెలు లేవు. లేనిదానిని నేడు రాసి ‘ఇది ఆనాటిది’ అంటే అది అబద్ధం. భాషమీద ప్రేమ ఎంత ఉన్నా చరిత్రను దిద్దే హక్కు మనకు లేదు. మన పల్లెల పేర్లను ఇతరులు దిద్దినప్పుడు నొచ్చుకొనే మనమే ఆ పని చేయరాదు.

నేను కోరేది మూడే మూడు. పాత నమోదు పుస్తకం చూపగలిగిన బండికి, ఆ నంబరు మరెవరి పేరా లేనప్పుడు, రాష్ట్రం మారినా సరే తొలి నంబరును తిరిగి ఇవ్వాలి. ‘అసలు నంబరు’ అంటే మొదటిదేనని నియమంలో స్పష్టంగా రాయాలి. రెండవది, ప్రదర్శనలోను, ర్యాలీలోను ఆనాటి నల్ల పలకకు అనుమతి ఉండాలి. భద్రతకోసం నేటి గుర్తును అద్దంమీద అంటించవచ్చు. మూడవది, సరిహద్దుకు రెండు వైపుల రవాణా కార్యాలయాలలోని పాత రిజిస్టర్లను చెదలపాలు కాకుండా కాపాడాలి. ఆ పుటలలో బండ్ల లెక్కతోపాటు, ఏ ఊరు ఏనాడు ఏ జిల్లాలో ఉండేదో చెప్పే సాక్ష్యమూ ఉన్నది.

అంతవరకు మనం చేయదగిన పనులు ఉన్నాయి. పాత నమోదు పుస్తకాన్ని, పన్ను రసీదులను, బీమా పత్రాలను, రాష్ట్రం మారేటప్పుడు తీసుకున్న నిరభ్యంతర పత్రాన్ని ఒకచోట చేర్చి పెట్టండి. పాత పలకకు మళ్ళీ రంగు వేయించకండి. పెచ్చులూడినా ఆ చేతిరాతే దాని విలువ. దొరకని నంబరును ఊహించి దొంగపలక చేయించకండి, అది నేరం. రోడ్డుమీదికి వెళ్ళినప్పుడు చట్టం చెప్పిన పలకే ఉండాలి. పాతది బండి ఆగినప్పుడు పక్కన నిలబెట్టి చూపించుకుందాం.

తెలుగుకు ఇందులో చోటు లేదా అంటే, పలకమీద లేదు గాని పలక వెనుక కథలో ఉన్నది. ఆ బండి ఎవరు కొన్నారు, ఏ పెళ్ళికి పోయింది, ఏ వాగులో దిగబడింది, ఏ ఏడు నంబరు మారింది: ఇదంతా ఇంటి పెద్దలను అడిగి తెలుగులో రాసి, పత్రాలతోపాటు ఉంచండి. మా పిల్లలు మరాఠీ బడిలో చదివినవారు. నాయన పలక కథను మొన్న నేను చెబుతుంటే మా చిన్నవాడు తప్పొప్పుల తెలుగులో నోటుపుస్తకంలో రాసుకున్నాడు. నంబరు తిరిగి వస్తుందో రాదో గాని, ఆ రెండు పుటలు మాత్రం గోనెపట్టాలో పలకతోపాటే చేరాయి.