పొదుగు పట్టిన పెట్టకి శిక్షా?

కోడిపెట్ట మీద వ్యాసమేమిటని ముఖం చిట్లించకండి. నవలల్లో నాయిక అలిగితే యాభై పేజీలు ఓపిగ్గా చదివే మనం, దొడ్లో పెట్ట అలిగిందంటే నాలుగు పేరాలు చదవలేమా?

మా దొడ్లో మూడు నాటుకోళ్ళున్నాయి. మావారు బ్యాంకు ఉద్యోగి. అంచేత మూడింటిలో ఏది ఎన్ని గింజలు తిన్నదీ, ఏది ఎన్ని గుడ్లు పెట్టిందీ ఆయన దగ్గర లెక్క ఉంటుంది. ఎర్రటి ఈకలతో మెడ ఎత్తి నడిచే పెట్టకి సత్యభామ అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ పేరు పెట్టినవాళ్ళు అలకలు భరించక తప్పుతుందా! పోయిన పుష్యమాసంలో అది వరసగా పదమూడు గుడ్లు పెట్టి, ఒకనాడు పొద్దున్నే వసారాలోని గడ్డి బుట్టెక్కి కూర్చుంది. ఏ రోజు గుడ్డు ఆ రోజే తీసి మేం వండేసుకున్నాం. బుట్టలో గడ్డి తప్ప మరేమీ లేదు. అయినా దిగదు. చెయ్యి పెడితే ఈకలన్నీ ఉబ్బించుకుని నా మణికట్టు మీద ఒక్క పోటు పొడిచింది. ఎత్తి కింద పెడితే గబగబా నాలుగు గింజలు మింగి, రెండు గుక్కలు నీళ్ళు తాగి, కొక్ కొక్ మని సణుక్కుంటూ మళ్ళీ అలకపాన్పు ఎక్కేసింది. పది రోజులు గడిచాయి. మావారి లెక్కల పుస్తకంలో సత్యభామ ఖాతా ఖర్చుల వైపే పెరుగుతోంది.

ఇక చూడండి, వీధంతా వైద్యులే! "చన్నీళ్ళ బకెట్లో మూడు ముంచులు ముంచమ్మాయ్, దెబ్బకి పొదుగు వదుల్తుంది" అన్నారు మా అత్తగారు. పాలు పోసే ఆయన, "ముక్కులో ఈక గుచ్చండమ్మగారూ, చచ్చినట్టు లేస్తుంది" అని ఉచిత సలహా చెప్పి పోయాడు. పక్కింటి పిన్నిగారు కాలికి తాడు కట్టి ఎండలో పడెయ్యమన్నారు. మా మరిది అన్నిటికంటే ముందుకు పోయి, "ఎందుకొచ్చిన గొడవ వదినా, ఆదివారం కూరొండెయ్" అన్నాడు. కోడిని అడిగి మసాలా నూరతారా అనే సామెత ఊరికే పుట్టలేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. వీళ్ళందరినీ తిట్టే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. ఎందుకంటే బకెట్ వైద్యం నేను చేశాను. చలికాలం పొద్దుట, పంపునీళ్ళలో, అక్షరాలా మూడుసార్లు. మూడోసారి పైకి తీసేసరికి సత్యభామ పిడికెడైపోయింది. ఉబ్బిన ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయి, మెడ వేలాడేసి, గజగజ వణుకుతోంది. వదిలితే ఎక్కడికి పోయిందనుకున్నారు? నీళ్ళు కారుకుంటూ తిన్నగా బుట్టలోకే. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అప్పుడు గాని పుస్తకాలు తిరగెయ్యాలన్న బుద్ధి పుట్టలేదు నాకు. నేను చదివింది బి.ఏ. సాహిత్యం, కోళ్ళ శాస్త్రం కాదు. అయినా తెలుసుకోవలసిన సంగతి చిన్నదే. పెట్ట పొదుగు పట్టడం రోగమూ కాదు, మొండితనమూ కాదు. తలలో ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగా ఊరుతుంది. దాంతో గుడ్లు పెట్టడం ఆగిపోతుంది, కూర్చోవాలన్న తహతహ మొదలవుతుంది. పొట్ట కింద ఈకలు రాలి, చర్మం పలచబడి వెచ్చగా తయారవుతుంది. ఆ చర్మానికి గూడు తగులుతున్నంతకాలం హార్మోను ఊరుతూనే ఉంటుంది. గుడ్లుంటే 21 రోజులకి పిల్లలు లేస్తాయి, పిల్లల అరుపు వినగానే పెట్ట కూర్చోవడం మాని వాటిని తిప్పడంలో పడుతుంది. గుడ్లు లేని బుట్టలో ఆ 21వ రోజు ఎప్పటికీ రాదు. అంచేత వారాల తరబడి అలాగే కూర్చుంటుంది. రోజుకి ఒక్కసారి, అదీ కాసేపు, లేచి తింటుంది. ఒళ్ళు చిక్కిపోతుంది.

అంటే దాని ఒంట్లో ఒక గడియారం మొదలైంది. దాన్ని ఆపే మీట మనం తీసి వండుకుని తిన్నాం. తిని, అది ఆగనందుకు దాన్నే శిక్షిస్తున్నాం! ఇదెక్కడి న్యాయం? ముక్కులో ఈక గుచ్చితే హార్మోను తగ్గుతుందా? ముక్కు పుండవుతుంది, నొప్పికీ భయానికీ తాళలేక అది గూడు వదిలి పరిగెత్తుతుంది. దాన్ని మనం "నయమైంది" అంటాం. కోడిగుడ్డుకి ఈకలు పీకే జనం ఆఖరికి ఆ ఈకని పెట్ట ముక్కులోనే పెట్టారన్నమాట. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించడానికి మన దేశంలో 1960లోనే చట్టం వచ్చింది. కానీ పెరటిగోడ దాటి లోపలికి రావడానికి చట్టాలకి ఎప్పుడూ మొహమాటమే.

"పనికిమాలిన పెట్ట" అన్న మాట మరీ అన్యాయం. ఫారాల్లో పెంచే తెల్ల లెగ్‌హార్న్ జాతిలో ఈ పొదిగే గుణాన్ని తరతరాలుగా ఏరివేతతో దాదాపు పోగొట్టారు. అందుకే అది ఏడాదికి 250 గుడ్లు దాటి పెడుతుంది గాని, తన గుడ్డుని తాను పొదగడం మరిచిపోయింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పెట్టలు పొదుగుకి కూర్చోవడం బహు అరుదు. ఆ గుడ్లు పల్లెలో పిల్లలవ్వాలంటే ఇంక్యుబేటరు ఉండాలి, లేదా ఇదిగో, ఈ పనికిమాలిన నాటుపెట్టే ఒకటి కూర్చోవాలి. కరెంటు అక్కర్లేదు, థర్మామీటరు అక్కర్లేదు, రోజుకి ఎన్నోసార్లు గుడ్లని తనే ముక్కుతో తిప్పుకుంటుంది. ఇంత పని వచ్చినదాన్ని పట్టుకుని పనికిమాలినదంటే, ఇంటి చాకిరీ అంతా చేసే ఆడదాన్ని "ఊరికే ఇంట్లో ఉంటుంది" అన్నట్టు లేదూ?

శిక్షించేవాళ్ళతో తగువు అయింది. ఇక పూజించేవాళ్ళున్నారు. వీళ్ళు మరో రకం. "ఆహా, తల్లి మనసు చూడండి! ఉత్త బుట్టలో కూర్చుని ఊహల్లో పిల్లల్ని పొదుగుతోంది" అని కళ్ళు తుడుచుకుని, దాన్ని అలాగే వదిలేసి వెళ్ళిపోతారు. అమ్మలారా, మీ కవిత్వానికి నమస్కారం. కానీ అది చిక్కి శల్యమవుతోంది. ఆ చీకటి మూల ఈకల్లో పేలు పట్టే అవకాశం ఎక్కువ. మాతృత్వం మహత్తరమని చప్పట్లు కొట్టి, ఆ మాతృమూర్తి తిన్నదా లేదా చూడకపోవడం మన దేశంలో కోళ్ళకి మాత్రమే జరిగే అన్యాయం కాదు. ముంచేవాడిది చేతి క్రూరత్వమైతే, పొగిడి వదిలేసేవాడిది బద్ధకపు క్రూరత్వం.

ఇంతకీ నాకు ఇంత కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలి. ప్రొలాక్టిన్ అన్న మాట దగ్గర నా చదువు ఆగిపోయింది. తల్లికి పాలు పట్టించేది కూడా అదే హార్మోను. తెలుగులో ఆవుకి ఉండేదీ పొదుగే, పెట్ట పట్టేదీ పొదుగే. ఎవరు కలిపారో గాని, ఒక్క మాట రెండింటికీ సరిపోయింది.

ఇరవై ఏళ్ళ కిందట, వైశాఖంలో, ఎనిమిదో నెల నిండాక నాకు బిడ్డ చచ్చి పుట్టింది. ఆడపిల్ల. మూడో రోజున నాకు పాలు పడ్డాయి. బిడ్డ లేదన్న సంగతి నా మనసుకి చెప్పారు గాని, నా ఒంటికి ఎవరు చెప్పగలరు? జాకెట్టు తడిసిపోయేది. చూడవచ్చిన బంధువు ఒకావిడ, "ఎన్నాళ్ళలా మంచం పట్టుకుని కూర్చుంటావు? లేచి పనిలో పడితే అదే పోతుంది" అంది. అప్పుడు మా అత్తగారు ఏమీ అనలేదు. బజారు నుంచి రెండు శేర్ల మల్లెపూలు తెప్పించారు. తలుపు గడియ వేసి, నా పక్కన కూర్చుని, మల్లెపూలు గుండెలకి పెట్టి మెత్తటి పాత చీర ముక్కతో కట్టారు. వాడిన పూలు తీసేసి మళ్ళీ కొత్తవి పెట్టారు. మెల్లిగా పాలు ఇంకిపోయాయి. ఈ మల్లెపూల వైద్యాన్ని డాక్టర్లు పరీక్షించి, రక్తంలో ప్రొలాక్టిన్ తగ్గిందని 1988లోనే రాశారట. మా అత్తగారు అది చదవలేదు. వాళ్ళమ్మ చేస్తే చూశారు, అంతే.

ఆ సాయంత్రం వసారాలో ఆవిడ దగ్గర కూర్చుని అడిగాను: "అత్తయ్యా, అప్పుడు నన్నెందుకు బకెట్లో ముంచలేదు?"

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలాసేపు బుట్ట వైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత లేచి అటక మీద నుంచి పాత కిటికీకి తీసిన ఇనపజాలీ దింపించారు. "ఏం చెయ్యాలో చెప్పు" అన్నారు.

చెయ్యవలసింది ఇదీ, మీకూ చెబుతాను. అడుగున జాలీ ఉన్న పెట్టె ఒకటి కావాలి. గడ్డి వెయ్యకూడదు. ఇటుకల మీద ఎత్తుగా, వెలుతురూ గాలీ తగిలేచోట, ఎండకీ కుక్కలకీ అందకుండా పెట్టాలి. లోపల గింజలూ నీళ్ళూ ఎప్పుడూ ఉండాలి. పెట్టని అందులో ఉంచితే పొట్ట కింద గాలి ఆడుతుంది, వెచ్చటి చీకటి మూల దొరకదు, ఒళ్ళు తనంతట తానే చల్లబడుతుంది. సాధారణంగా మూడు నాలుగు రోజులు చాలు. బయటికి వదిలాక మళ్ళీ బుట్ట వైపే పరిగెడితే ఇంకో రెండు రోజులు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత తొందరగా తేలుతుంది. నాలాగా పది రోజులు ఆగితే ఆలస్యమే. అసలు పిల్లలు కావాలనుకుంటే గొడవే లేదు. పుంజు ఉన్న ఇంటి నుంచి పది పన్నెండు గుడ్లు తెచ్చి రాత్రిపూట మెల్లగా కింద పెట్టండి, మిగతాది అదే చూసుకుంటుంది.

సత్యభామకి ఆరు రోజులు పట్టింది. ఆరో రోజు వదిలితే బుట్ట వైపు ఒక్కసారి చూసి, మెడ ఎత్తుకుని, మిగతా రెండింటితో పాటు పెంటకుప్ప మీదికి పోయింది. మరో రెండు వారాలకి గుడ్డు పెట్టింది.

మావారు లెక్కల పుస్తకం తెరిచి, "మొత్తం మీద నెల రోజులు నష్టం" అన్నారు. నాకంటే ముందు అత్తగారే అందుకున్నారు: "దాని పదమూడు గుడ్లూ తిన్నావు గదరా, అవి ఏ ఖాతాలో రాశావు?"