గోడకు వ్రేలాడు చరిత్ర

హైదరాబాదు నగరమున గచ్చిబౌలి, కోకాపేట ప్రాంతములందు నలువది, ఏబది అంతస్తుల నివాసభవనములు లేచుచున్నవి. వానిలో గృహములను విక్రయించువారు క్రొత్తమాట యొకటి నేర్చినారు. లోపలి అలంకారమంతయు ఈ నగర చరిత్రనుండి పుట్టినదట! సంతోషమే. కాని లోపలికి పోయి చూచిన తఱచుగా కనబడునదేమి? ముఖమండపమున నిలువెత్తు చార్మినారు చిత్రము, లిఫ్టు ప్రక్కన అచ్చువేసిన చేర్యాల బొమ్మ, పైకప్పునకు అతికించిన ఉత్తుత్తి కమాను. నవాబుల నాటిదని పేరు పెట్టిన దీపగుచ్ఛము వేరు. అది యే దేశమున తయారైనదో అడుగకుండుటయే మర్యాద.

చేర్యాల పటమునే తీసికొందము. నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల జిగురును సుద్దయు పట్టించి దానిపై కులపురాణములను చిత్రించెడివారు. కథకులు ఊరివారి ముందట పటమును కొంచెము కొంచెముగ విప్పుచు కథ వినిపించెడివారు. అది మూరలకొలది పొడవైన గ్రంథము. అందుండి ఒక ముఖమును కత్తిరించి అద్దము క్రింద బిగించినచో కథ యెక్కడిది? ఈ విద్య కొన్ని కుటుంబములలోనే మిగిలియున్నది. వారిచే ఒక పూర్తి పటమును వ్రాయించినచో, లిఫ్టుకై వేచియుండు బిడ్డలైనను దానిని చదువుకొందురు.

గచ్చు మాట యంతకంటె ముఖ్యము. 1591లో కట్టిన చార్మినారునకును, గోలకొండ చెంతనున్న కుతుబ్ షాహీ సమాధులకును శోభనిచ్చినది సున్నపు గచ్చే. ఇరువదవ శతాబ్దమున మరమ్మతు పేరున ఆ సమాధులకు సిమెంటు పూసిరి. 2013 మొదలుకొని ఆగా ఖాన్ ట్రస్టువారు ప్రభుత్వముతో కూడి సాగించిన జీర్ణోద్ధారణమున ఆ సిమెంటును ఒలిచి మరల సున్నమునే వాడిరి. ఆ పనిలో చేయి తిరిగిన మేస్త్రీలు నేడు కలరు. సున్నపుపూత గాలిలోని తేమను పీల్చి మరల విడుచును. ఇండ్ల లోపలిగోడలకు దానిని వాడుటకు అడ్డంకి యేమి? ఆలస్యమగును, ఖర్చగును, అంతియే. కోట్ల రూపాయలిచ్చి కొనువారు ఇంతకు జడియుదురని మేము నమ్మజాలము.

వేసవిలో ఎండ నలువది డిగ్రీలు దాటు ఊరిలో పడమటి గోడనంతయు అద్దముతో నింపి, లోపల జాలీబొమ్మ నంటించి, చల్లదనమును ఏసీకి వదలుట మఱియు వింత. జాలీ యెండకు అడ్డుగా అద్దమునకు వెలుపల నుండవలసిన వస్తువు.

ఇవన్నియు రుచిభేదములని ఊరకుండవచ్చును. కాని పాతబస్తీ దేవిడీలు ఒక్కొక్కటిగ నేలమట్టమగుచుండగా మేమెట్లు ఊరకుందుము? చారిత్రక కట్టడములకు రక్షణయైన 13వ నిబంధనను 2015లో తొలగించిరి. 2019లో ఎర్రమంజిల్‌ను కూల్చి శాసనసభకు భవనము కట్టదలచిన నిర్ణయమును హైకోర్టు కొట్టివేయకున్నచో, అదియు నేడు ఏదో యొక లిఫ్టు ప్రక్కన చిత్రమై యుండెడిది.

పడగొట్టిన పాతయిండ్ల కొయ్యస్తంభములు, తలుపులు నేడు అలంకారవస్తువులుగా అమ్ముడగుచున్నవి. అట్టి స్తంభమొకటి తమ మండపమున నిలుపువారు దాని ప్రక్కన ఆ యింటిపేరు, వీథిపేరు, అది కూలిన సంవత్సరము తెలుగునను ఉర్దూనను చెక్కింపవలెనని మేము కోరుచున్నాము.